ఎరుపు వారం

పైనుంచి వచ్చిన చార్టుల
ఈ వారం ఎరుపు.
ఆపిల్ పండు, గులాబి పువ్వు, పోస్టు డబ్బా.
పోస్టు డబ్బాను చాలాసేపు చూసి
"గిది గ్యాస్ బండనా టీచర్?" అన్నది అక్షిత.
గ్యాస్ బండ కూడా ఎరుపే.
రాసుకున్న.

ఎనుమాముల మార్కెట్ గోడ వెనుక
రేకుల గది మా అంగన్‌వాడి.
మాఘం దాటిందంటే మాకు గంటతో పనిలేదు.
యార్డుల మొదటి బస్తా మూతి విప్పంగనే
ఇరవై ఇద్దరు ఒక్క తీరుగ తుమ్ముతరు.
హాజరు అప్పుడే వేస్త,
తుమ్మినోళ్లంత వచ్చినట్టు.

ముందురోజే చెప్పి పంపిన:
ఇంట్ల ఏది ఎర్రగుంటే అది తేండ్రి,
కొనియ్యమని ఏడ్వొద్దు,
ఉన్నదే తేండ్రి.

తెచ్చిండ్రు.
సగం ఇటుక. సబ్బు కాగితం.
ఆఫియా వాళ్ల నానీ దస్తీ అంచు.
హమాలీ తాత జెండాకు చినిగిన పీలిక.
బానోతు రిషి గుప్పిట్ల
వాళ్ల ముసలమ్మ రవికె నుంచి ఊడిన అద్దం,
అద్దం చుట్టు పిడికెడు ఎర్రదారం,
అద్దంల వాడి సగం ముక్కు.
ధనుష్ అయితే సంకల కోడిపుంజునే పట్టుకొచ్చిండు.
"నెత్తి చూడు టీచర్, నెత్తి!"

లెక్కల కోసం పోసిన కుప్పల
పుంజు చింతగింజలను పక్కకు నెట్టి
శనగలను ఒక్కొక్కటే ఏరుకున్నది.
అది ముక్కు వంచినప్పుడల్ల మేం లెక్కపెట్టినం.
పదమూడు దాక ఎవ్వరు తప్పలేదు.
"పంతులమ్మ కంటె నయమున్నది" అని
ఆయా కొంరవ్వ కొంగు అడ్డంపెట్టుకొని నవ్వింది.

మధ్యాహ్నం గుడ్లు ఒలుస్తుంటె తట్టింది నాకు,
మిరపకాయ ఒక్కరు తేలేదు.
తేజ, వండర్‌హాట్, చపాట,
ఆపిల్ కంటె ముందే వచ్చు వీళ్లకు ఆ పేర్లు.
గోడ అవతల గుట్టలు గుట్టలున్నయి గదా అంటె
మణిదీప్ గుడ్డు నోట్లనే పెట్టుకొని చెప్పిండు:
"అవి మనయి కావు టీచర్.
సేట్లయి."

లాస్య ఉత్తచేతుల వచ్చింది.
అడిగితె బెదరలేదు.
"మా అమ్మ చేతులున్నయి.
పనికి వోయినయి.
పొద్దుమీకి తెస్త."

నాలుగింటికి అందరు పోయిండ్రు, పుంజు పోయింది.
కొంరవ్వ చాప దులిపింది.
అయిదున్నరకు వచ్చింది వాళ్లమ్మ,
రెండు చేతులు కొంగుల చుట్టుకొని.
తొడిమలు తీసినరోజు
కడుక్కునేదాక బిడ్డ మొఖం ముట్టదట.
లాస్య కొంగు గుంజింది, వేళ్లు విప్పింది,
నా ముందటికి ఎత్తి పట్టింది:
"తెచ్చిన టీచర్."

తల్లికి సమజ్ కాలేదు.
"ఏమన్న కట్టాల్నా మేడం?" అన్నది.
ఎట్ల చెప్పాలె.
ఎరుపు అని ఒక వారం ఉంటదని,
దానికి ఒక చార్టు ఉంటదని.
కొంరవ్వ నాకంటె ముందే కదిలింది,
పిల్లల వాటా నూనె నాలుగు చుక్కలు
ఆ అరచేతులల్ల పోసి రుద్దింది.
రిజిష్టర్ల రాయలేదు.

తెల్ల కాగితం మీద ఆ చెయ్యి పెట్టి
చుట్టు పెన్సిల్ తిప్పినం.
లాస్య చెయ్యి దాని నడుమ పెట్టి ఇంకో గీత.
నూనె మరక గీతలు దాటి పారింది.
ఎర్ర క్రేయాన్ సోమవారమే అయిపోయింది,
డబ్బాల ఆకుపచ్చ, ఊదా మిగిలినయి.
"రంగెయ్యొద్దు, మండుతది" అన్నది పిల్ల.

రాత్రి ఫోన్ల ఫొటోలెక్కించాలె, నాలుగు.
ఇటుక పోయింది. అద్దం పోయింది. పుంజు పోయింది.
నాలుగోదానికి నెట్ తిరిగి తిరిగి ఆగిపోయింది.
సూపర్‌వైజర్ మెసేజ్ మాత్రం చక్కగ వచ్చింది:
ఆపిల్ ఏది?

వచ్చే వారం గుండ్రం.
ధనుష్‌కు ముందే చెప్పిన,
కోడిని తేవద్దు, గుడ్డు తెస్తె చాలని.
వాడు ఒక్క నిమిషం నిలవడ్డడు.
"గుడ్డు గుండ్రం కాదు గదా టీచర్?"

నేనింక జవాబు చెప్పలేదు.